అరకు సమాచార కౌంటర్‌లో కూర్చుంటున్నారా? వచ్చినవారికి దారి చెప్పే పద్ధతి ఇది

వానలు తగ్గి వలిసె పూలు విచ్చుకునే రోజులు దగ్గరపడగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. అడిగేవారు మారతారు గానీ ప్రశ్న మారదు. కొత్తగా హోమ్‌స్టే తెరిచిన దంపతులు, లాడ్జి రిసెప్షన్‌లో చేరిన డిగ్రీ పిల్లలు, సీజన్‌కు మాత్రమే సమాచార కౌంటర్‌లో కూర్చునే యువకులు, అందరూ అడిగేది ఇదే: “వచ్చినవారితో ఎలా మాట్లాడాలి? ఎంత ఓపికగా చెప్పినా చివరికి కోపంతోనే వెళ్తున్నారు. తప్పు ఎక్కడుంది?”

ఇన్నాళ్లూ ఒక్కొక్కరికీ విడిగా చెప్పాను. ఇప్పుడు ఒకచోట రాసిపెడుతున్నాను. నేను కౌంటర్ వెనక కూర్చున్నది అరకులోయలో కాబట్టి ఉదాహరణలన్నీ ఇక్కడివే. అనంతగిరి, పాడేరు, చింతపల్లి వైపు ఉన్నవారు ఊర్ల పేర్లు మార్చుకుంటే సరిపోతుంది.

ముందుగా ఒక సంగతి. నా మొదటి సీజన్‌లో ఒక మధ్యాహ్నం మూడు దాటాక ఒక కుటుంబం వచ్చింది. కొడుకు, కోడలు, వృద్ధురాలైన తల్లి. “బొర్రా గుహలు ఎంత దూరం బాబూ?” అని ఆవిడ అడిగింది. “దగ్గరేనమ్మా, ముప్పై ఆరు కిలోమీటర్లు” అన్నాను. లెక్క తప్పు కాదు. కానీ ఆ ఘాట్ రోడ్డు మీద వారు చేరేసరికి టికెట్లు ఇవ్వడం ఆపేశారు. గుహలోపలి శివలింగాన్ని చూడాలన్నది ఆవిడ కోరిక. తెల్లారితే ఊరికి ప్రయాణం. రాత్రి తిరిగి వస్తూ కౌంటర్ దగ్గర ఆగి, తిట్టలేదు, “మీరు దగ్గరన్నారని వెళ్లాం బాబూ” అని మాత్రం అంది. ఆ రోజు నుంచి నేను ఎవరికీ దూరం చెప్పలేదు, సమయమే చెబుతున్నాను. కింద రాసినవన్నీ ఆ మాట దగ్గర మొదలైనవే.

మీ దగ్గర ఉండవలసినవి

• నల్లబల్ల ఒకటి, సుద్దముక్కలు. మెరిసే ఫ్లెక్సీ బోర్డు కంటే ఇదే మేలు. రోజూ మారే విషయాలను ఫ్లెక్సీ మీద రాయలేం.

• చేత్తో గీసిన పటం. అరకు మధ్యలో ఉండాలి, దారుల పక్కన కిలోమీటర్లు కాక నిమిషాలు రాయాలి.

• రెండు నోటు పుస్తకాలు. ఒకటి వచ్చినవారి ప్రశ్నలకు, రెండోది ఫిర్యాదులకు.

• అరచేతి వెడల్పు చీటీల కట్ట, రెండు మూడు పెన్నులు.

• ఫోన్ నంబర్ల అట్ట: బొర్రా టికెట్ కౌంటర్, రైల్వే స్టేషన్, ఆర్టీసీ కాంప్లెక్స్, ఆసుపత్రి, పోలీస్ స్టేషన్, తెల్లవారుజామున శృంగవరపుకోట నుంచి పైకి వచ్చే ఇద్దరు డ్రైవర్లు. అంబులెన్సుకు 108, ఏ అత్యవసరానికైనా 112, రైల్వే విచారణకు 139 పెద్ద అక్షరాలతో రాయండి.

• రెండు కుర్చీలు, తాగునీళ్లు, ఫోన్ ఛార్జర్, ప్రథమ చికిత్స పెట్టె. ఘాట్ రోడ్డు మలుపుల్లో వాంతులు చేసుకుని వచ్చిన పిల్లలకు మీ సమాచారం కంటే ముందు కుర్చీ, మంచినీళ్లు కావాలి.

1. కౌంటర్ తెరిచే ముందు పది నిమిషాలు ఫోన్లు చేయండి

కిరండూల్ పాసింజర్ విశాఖపట్నంలో తెల్లవారాక బయలుదేరి, ఆలస్యం లేకపోతే పదకొండు గంటల ప్రాంతంలో అరకు చేరుతుంది. రైలు దిగిన జనం ఒక్కసారిగా మీ మీద పడతారు. అప్పుడు ఫోన్లు చేస్తూ కూర్చోలేరు. అందుకే పొద్దున్నే అయిదు సంగతులు తెలుసుకోండి: రైలు సమయానికి నడుస్తోందా, ఘాట్‌లో మంచు ఎలా ఉంది, బొర్రా ఈ రోజు తెరిచి ఉందా, బండల మీదుగా పారే చాపరాయి వాగులో నీటి ఉధృతి ఎంత, దారిలో ఎక్కడైనా కొండచరియ జారిందా లేక పనులు జరుగుతున్నాయా.

తెలిసినవి బోర్డు మీద రాసి, పక్కన తేదీ, గంట వేయండి. గంట వేయడం మరవకండి. ఉదయం ఏడింటికి మంచు ఉందంటే పదింటికీ ఉన్నట్టు కాదు.

హెచ్చరిక: నిన్నటి బోర్డును అలాగే వదిలేస్తే ఖాళీ బోర్డు కంటే ఎక్కువ నష్టం చేస్తుంది. రాసి ఉన్నదాన్ని జనం నమ్ముతారు.

సిగ్నల్ లేని రోజు మరో దారి ఉంది. కింది నుంచి వచ్చిన మొదటి బస్సు కండక్టర్‌ను, పాడేరు వైపు నుంచి వచ్చిన మొదటి జీపు డ్రైవర్‌ను అడగండి. కొండల్లో వార్త ఎప్పుడూ బండి మీదే వస్తుంది.

2. తల ఎత్తండి, కూర్చోబెట్టండి

చెప్పడానికి చిన్న విషయమే. కానీ నేను చూసిన కౌంటర్లలో సగం ఇక్కడే ఓడిపోతాయి. మనిషి వచ్చి నిలబడతాడు, లోపల ఉన్నవారు ఫోను చూస్తూనే “చెప్పండి” అంటారు. ఆ ఒక్క మాటతో అవతలి వ్యక్తి తాను అడ్డు వచ్చానని అనుకుంటాడు. ఆ తర్వాత మీరు ఎంత మంచి సమాచారం ఇచ్చినా సగమే వింటాడు.

ఫోను బల్ల మీద బోర్లా పెట్టండి. కళ్లలోకి చూసి నమస్కారం చెప్పండి. వయసుతో పని లేకుండా అందరినీ ‘అండి’ అనండి. పెద్దవారిని “అమ్మా”, “అయ్యా” అంటే చాలు. వారి వారి ఇళ్లలోని వరసలు మనకు తెలియవు కాబట్టి అంకుల్, ఆంటీ వద్దు, నలభై ఏళ్లవారికి అది నచ్చదు కూడా. గుంపుగా వచ్చినప్పుడు కారు తాళాలు పట్టుకున్న మగవారితోనే మాట్లాడడం మనకు అలవాటు. వెనక నిలబడిన స్త్రీలను కూడా అడగండి. మరుగుదొడ్డి ఎక్కడుందన్న ప్రశ్న వారి మనసులో మొదటి నుంచీ ఉంటుంది, అడగడానికి మొహమాటపడతారు. అడగకముందే చెప్పేయండి.

భాష విషయం. దసరా సెలవుల్లో బెంగాల్ నుంచి చాలామంది వస్తారు. కోరాపుట్ వైపు నుంచి ఒడియావారు ఎప్పుడూ ఉంటారు. మీకు ఆ భాషలు పూర్తిగా రానక్కర లేదు. ‘తెరిచి ఉంది, మూసేశారు, ఇంత సమయం పడుతుంది, ఇంత డబ్బు అవుతుంది, ఇక్కడ జారుతుంది’ అనే అయిదు మాటలు హిందీ, బెంగాలీ, ఒడియాలలో నేర్చుకుని తెలుగు లిపిలో అట్ట మీద రాసుకోండి. మన ప్రాంతపు పిల్లల్లో చాలామందికి ఆదివాసీ ఒడియా ఇంటి నుంచే వచ్చు. దాన్ని కౌంటర్‌లో వాడడానికి సిగ్గుపడుతుంటారు. అది మీ బలం, వాడండి.

ఇంకొక మాట నేను ప్రతి కొత్తవారికీ గట్టిగా చెబుతాను. మీ కౌంటర్‌కు కారులో వచ్చినవారే కాదు, సంతకు వచ్చి చివరి బస్సు ఎప్పుడో అడగడానికి ఆగిన పల్లె మనిషి కూడా వస్తాడు. నెత్తిన గంప ఉన్న అవ్వ వస్తుంది. వారికి ‘అండి’ తగ్గితే, అద్దంలాంటి కారులోంచి దిగినవారికి మీరు పెట్టే నమస్కారం విలువ కూడా తగ్గినట్టే. ఈ కొండ వారిది. శుక్రవారం అరకు సంత రోజున ఇది మరీ గుర్తుంచుకోండి. ఆ రోజు రద్దీలో ముందుగా విసుక్కునేది వారి మీదే.

3. చెప్పడం మొదలుపెట్టే ముందు నాలుగు అడగండి

“ఇక్కడ ఏమేం చూడవచ్చు?” అని అడగగానే పద్మాపురం ఉద్యానవనం, గిరిజన మ్యూజియం, చాపరాయి, గాలికొండ, బొర్రా అని పేర్లు వల్లించకండి. పేర్లు వారి ఫోనులో కూడా ఉన్నాయి. ఎదురు ప్రశ్నలు వేయండి:

• తిరుగు ప్రయాణం ఎప్పుడు, దేని మీద?

• ఎంతమంది ఉన్నారు, పెద్దవారో చిన్నపిల్లలో ఉన్నారా, మెట్లు ఎక్కలేనివారు ఉన్నారా?

• సొంత వాహనమా, మాట్లాడుకోవాలా?

• వస్తూ దారిలో ఏం చూశారు?

ఈ నాలుగింటికీ జవాబులు వచ్చేసరికి పది చోట్లలో ఆరు వాటంతట అవే తొలగిపోతాయి. మిగిలిన నాలుగూ పట్టుకుని “వీటిలో మీకు ఏది చూడాలని ఎక్కువగా ఉంది?” అని అడగండి. బొర్రా కోసమే వచ్చిన ముసలమ్మకు ముందు బొర్రా చెప్పాలి, మిగతావి తర్వాత.

మెట్ల సంగతి తప్పకుండా అడగాలి. బొర్రా లోపల మెట్లు చాలా ఉన్నాయి, శివలింగం దగ్గరకు ఎక్కే మెట్లు నిటారుగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్నవారు లోపలి మొదటి విశాలమైన భాగం వరకు వెళ్లి, రంగు దీపాల్లో సున్నపురాతి రూపాలు చూసి తృప్తిగా రావచ్చు. ముందే తెలిస్తే అది తృప్తి. సగం ఎక్కి ఆయాసంతో కూలబడితే రోజంతా పాడవుతుంది.

4. దూరం చెప్పకండి, సమయం వెనక నుంచి లెక్కించి చెప్పండి

మైదానంలో నుంచి వచ్చినవారికి ముప్పై ఆరు కిలోమీటర్లంటే అరగంట. మనకు గంటకు పైనే. మలుపులు, మంచు, ఎదురుగా వచ్చే బస్సులు, టీ కోసం ఆగడం, అన్నీ కలపాలి. అందుకే తిరుగు ప్రయాణపు గంటను చీటీ చివర రాసి, అక్కడి నుంచి పైకి లెక్క వేయండి.

ఎక్కువగా వచ్చే సందర్భం ఒకటి చెబుతాను. పొద్దున్న రైలులో వచ్చారు, రాత్రికి విశాఖలో ఉండాలి, బొర్రా చూడాలి. రైలు బొర్రా గుహలు స్టేషన్ మీదుగానే వచ్చింది, వారు దిగలేదు. మళ్లీ వెనక్కి వెళ్లి, చూసి, తిరిగి అరకు రావాలని వారి ఆలోచన. అలా చేస్తే రోజంతా రోడ్డు మీదే గడుస్తుంది. వారికి ఇలా చెప్పండి:

“ఇప్పుడు పదకొండు దాటింది. ఊరిలోనే ఉన్న మ్యూజియం, పద్మాపురం ఒంటి గంటన్నర లోపు చూసి భోజనం చేయండి. రెండింటికల్లా కారులో సామానుతో సహా బయలుదేరండి. బొర్రా విశాఖ వైపే ఉంది. దారిలో కాఫీ తోటలు కనిపిస్తాయి, గాలికొండ దగ్గర పది నిమిషాలు ఆగండి. బొర్రా చూసుకుని అటు నుంచి అటే కిందికి దిగిపోండి. మళ్లీ అరకు రానక్కర లేదు.”

ఈ ఒక్క సలహా ఎన్ని కుటుంబాల రోజును నిలబెట్టిందో లెక్క లేదు. రైలులో రావడం, రోడ్డున దిగడం. ముందుగా ఫోన్ చేసి అడిగేవారికైతే ఇదే మొదట చెప్పండి. ఆ రైలులోని అద్దాల బోగీ (విస్టాడోమ్) కావాలంటే చాలా రోజుల ముందే రిజర్వేషన్ చేసుకోవాలని కూడా చెప్పండి. 2017లో ఆ బోగీ మొదలైనప్పటి నుంచి సీజన్‌లో టికెట్ దొరకక నిరాశపడేవారే ఎక్కువ.

ఇంకో రెండు చోట్ల జనం బాగా పొరబడతారు. మేఘాలు చూసే వంజంగి కొండ అరకు పక్కనే అనుకుంటారు. అది పాడేరు దగ్గర ఉంది. సూర్యోదయానికి ముందే కొండ మీద ఉండాలి కాబట్టి, అరకులో పడుకుని తెల్లవారుజామున చీకట్లో ఘాట్ రోడ్డు మీద పోవడం కంటే ముందు రాత్రి పాడేరులో ఉండడం మేలని చెప్పండి. లంబసింగి ఇంకా దూరం, పాడేరు దాటి చింతపల్లి వైపు. ‘అరకు, లంబసింగి ఒకే రోజు’ అని ఎవరైనా అంటే పటం తీసి వేలు పెట్టి చూపించండి. మాటతో నమ్మరు, పటంతో నమ్ముతారు.

5. లేనిది లేదని చెప్పండి

ఇది అన్నింటికంటే కష్టమైన అడుగు. ఇంటికి వచ్చినవారికి లేదని చెప్పడం మనకు అలవాటు లేదు. మొహమాటంతో “ఉండవచ్చండి, వెళ్లి చూడండి” అంటాం. వారు రెండు వందల కిలోమీటర్లు వచ్చారు, ఇంకో అరగంట వెళ్లి ఉత్త పొలం చూస్తారు.

వలిసె పూలు నవంబరు, డిసెంబరు నెలల్లో ఉంటాయి. ఫిబ్రవరిలో అడిగితే “కోతలు అయిపోయాయండి, పూలు లేవు” అనాలి. నడి వేసవిలో జలపాతాలు సన్నబడతాయి. మంచు పటుక్కున విడిపోయిన రోజున మేఘాలు కనిపించవు. ఫోటోలో చూసినది ఈ రోజు ఉండదని చెప్పడం ఆతిథ్యానికి లోటు కాదు.

ఒట్టి ‘లేదు’తో ఆపకండి. లేదు, ఎందుకు లేదు, బదులుగా ఏముంది, ఈ మూడూ ఒకే ఊపిరిలో రావాలి: “పూలు లేవండి, పంట కోసేశారు. కాఫీ తోటలు మాత్రం ఇప్పుడు బాగుంటాయి, సుంకరమెట్ట వైపు వెళ్లండి.” తెలియని ప్రశ్న వస్తే “ఏమో” అనకండి. “నాకు తెలియదండి, రెండు నిమిషాలు కూర్చోండి, కనుక్కుని చెబుతాను” అనండి, అన్నాక నిజంగా కనుక్కోండి.

6. డబ్బు మాట తెరిచి మాట్లాడండి

కౌంటర్ మీద నమ్మకం పోయేది ఇక్కడే. మీ బావమరిది జీపు ఉంటుంది, స్నేహితుడి హోటల్ ఉంటుంది. ఆ ఒక్క పేరే చెప్పాలనిపిస్తుంది. చెప్పకండి. ఎప్పుడూ మూడు పేర్లు ఇవ్వండి, వాటిలో మీవారి పేరు ఉంటే ఉన్నదని చెప్పండి. కమీషన్ విషయంలో నా అభిప్రాయం మొండిది: సమాచార కౌంటర్‌లో కూర్చున్నవారు కమీషన్ తీసుకోకూడదు. హోమ్‌స్టే నడిపేవారైతే వాహనం ఏర్పాటు చేసినందుకు ఇంత అని బిల్లులో కనబడేలా వేసుకోండి, అది న్యాయం.

ఈ వారం నడుస్తున్న అద్దెలు డ్రైవర్లను అడిగి ‘ఇంత నుంచి ఇంత వరకు’ అని బోర్డు మీద రాయండి. కటికి జలపాతానికి బొర్రా దగ్గర జీపు మాట్లాడుకోవాలి, ఆ దారిలో మామూలు కారు పోదు, జీపు ఆగాక కొంత నడక కూడా ఉంటుంది. ఈ సంగతి ముందే చెబితే అక్కడికి వెళ్లి గొడవపడరు. బొంగు చికెన్ ధర పొయ్యి మీద పెట్టకముందే అడగమనండి. వలిసె పొలంలో ఫోటోలకు రైతు కొంత డబ్బు అడుగుతాడు, అది ఆయన పంట, తొక్కితే ఆయనకే నష్టం, కాబట్టి అడిగింది ఇచ్చి గట్టు మీద నిలబడి తీసుకోమనండి. లోపలికి వెళ్లేకొద్దీ సిగ్నల్ పోతుంది, సిగ్నల్ పోతే ఫోనులో డబ్బు చెల్లించడం కుదరదు. కొంత నగదు దగ్గర ఉంచుకోమని ప్రతి ఒక్కరికీ చెప్పండి.

7. పల్లెల గురించి ఏం చెప్పాలి

“ట్రైబల్ విలేజ్ చూపిస్తారా?” అని అడుగుతారు. చెడు ఉద్దేశంతో అడగరు, ఎలా అడగాలో తెలియక అడుగుతారు. కోపం వద్దు, మెల్లగా దారిలో పెట్టండి. పల్లె ప్రదర్శనశాల కాదు, అక్కడ జనం పనుల్లో ఉంటారు. తెలిసినవారితో కలిసి, ముందుగా చెప్పి వెళ్లాలి. ముఖాలకు కెమెరా ఎత్తే ముందు అడగాలి, వద్దంటే దించాలి. పిల్లలకు చాక్లెట్లు, నాణేలు పంచవద్దనండి. థింసా నృత్యం చూడాలంటే డబ్బు తీసుకుని ఆడే బృందాలు ఉన్నాయి, వారికి తగిన పారితోషికం ఇచ్చి చూడడమే మర్యాద. మన కాఫీ గురించి అడిగితే ఆనందంగా చెప్పండి. అరకు వ్యాలీ అరాబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ తోటలు పెంచేది ఈ కొండల ఆదివాసీ రైతులే.

“ఇక్కడ అర ఎకరం దొరుకుతుందా?” అని కూడా అడుగుతారు. ఇది షెడ్యూల్డ్ ప్రాంతం, 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులు భూమి కొనడం కుదరదని ఒక్క మాటలో చెప్పి ఊరుకోండి. ఎవరి పేరు మీదో రాయించుకునే దారులు తెలిసినా చెప్పకూడదు.

8. ‘జాగ్రత్త’ అనే మాట ఒంటరిగా పనిచేయదు

చాపరాయి వెళ్లేవారికి “జాగ్రత్తండి” అంటే సరేనంటారు, వెళ్లి పాచి పట్టిన బండ మీద పరుగెడతారు. ఎక్కడ, ఏం జరుగుతుంది, ఏం చేయకూడదు అనేవి చెప్పాలి: “బండ మీద పచ్చగా కనిపించిన చోట కాలు పెట్టకండి, పిల్లల చేయి వదలకండి, పైన వాన పడితే ఇక్కడ ఎండగా ఉన్నా నీరు ఒక్కసారిగా పెరుగుతుంది, రంగు మారిందంటే వెంటనే గట్టెక్కండి.” తాగినవారు నీటిలోకి దిగకూడదన్నది కూడా మొహమాటం లేకుండా చెప్పండి.

కొత్త డ్రైవర్లకు చీకటి పడ్డాక ఘాట్ దిగవద్దనండి. తప్పనిసరైతే ఆర్టీసీ బస్సు వెనక నెమ్మదిగా పొమ్మనండి. దారిలో ఎవరైనా మూట ఇచ్చి ‘కింద ఫలానావారికి ఇవ్వండి’ అంటే తీసుకోవద్దని చెప్పండి. గంజాయి తనిఖీలు ఈ దారుల్లో జరుగుతూనే ఉంటాయి. మూటలో ఏముందో తెలియదంటే ఎవరూ వినరు.

9. కోపంగా వచ్చినవారితో

లేచి నిలబడండి. పూర్తిగా చెప్పనివ్వండి, మధ్యలో సంజాయిషీ ఇవ్వకండి. “అది మా శాఖ కాదు” అన్న మాట నోటి వెంట రాకూడదు. వచ్చినవారి దృష్టిలో అరకు అంతా ఒకటే శాఖ. వారు చెప్పింది ఫిర్యాదుల పుస్తకంలో రాసి, రాసినది వారికి చదివి వినిపించండి. సగం కోపం అక్కడే దిగుతుంది. తర్వాత మీ చేతిలో ఉన్న ఒక్క పని వెంటనే చేయండి: హోటల్‌కు ఫోన్ చేయడం, వేరే వాహనం చూడడం, ఏదీ కుదరకపోతే టీ తెప్పించడం. మీ చేతిలో లేనిది చేస్తానని మాట ఇవ్వకండి.

మినహాయింపు ఒకటి. మీద చేయి వేసినా, స్త్రీ సిబ్బందితో అసభ్యంగా మాట్లాడినా ఓపిక అక్కరలేదు, 112కు ఫోన్ చేయండి.

10. చీటీ రాసి, వారితో చెప్పించండి

మీరు చెప్పినది పది అడుగులు వేసేసరికి సగం మరిచిపోతారు. చీటీ మీద నాలుగు వరుసలు రాయండి: ఎక్కడికి, ఎన్నింటికి బయలుదేరాలి, ఎన్నింటికి వెనక్కి తిరగాలి, కౌంటర్ ఫోన్ నంబరు. ఇచ్చాక “ముందు ఎక్కడికి వెళ్తున్నారు?” అని అడగండి. వారి జవాబు చీటీతో కలిస్తే పంపండి. కలవకపోతే తప్పు వారిది కాదు, మళ్లీ చెప్పండి.

తరచుగా జరిగే పొరపాట్లు

అన్నీ చెప్పేయాలన్న ఆత్రం మొదటిది. ఎనిమిది చోట్లు చెబితే ఎనిమిదీ పరుగెత్తి చూసి ఏదీ చూడనట్టు వెళ్తారు. సగం రోజుకు రెండు చోట్లు చాలు.

మనకు రోజూ వినే ప్రశ్న వారికి మొదటిసారి అడిగేదని మరిచిపోవడం రెండోది. రైలు వచ్చిన గంటలో ‘బొర్రా ఎలా వెళ్లాలి’ అని నలభైమంది అడుగుతారు. నలభయ్యోవారి దగ్గరకు వచ్చేసరికి మన గొంతు మారుతుంది. ఓపికతో దాన్ని జయించమని నేను చెప్పను, అది మనిషికి సాధ్యం కాదు. ఆ జవాబును బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి గొంతుకు పని తగ్గించండి. ఇద్దరుంటే గంటకోసారి స్థలాలు మార్చుకోండి.

మూడోది, ఖర్చు పెట్టేవారిలా కనిపించినవారికి ఎక్కువ సమయం ఇవ్వడం. నాలుగోది, మన ఊరిని మనమే తక్కువ చేయడం: “ఇక్కడ ఏముందండి, రెండు గంటల్లో అయిపోతుంది” అనేవారిని నేను ఎంతోమందిని చూశాను. వినేవారు అలాగే నమ్మి వెళ్లిపోతారు.

పని సరిగా జరుగుతోందో లేదో ఎలా తెలుస్తుంది

ప్రశ్నల పుస్తకంలో ప్రతి ప్రశ్నకూ ఒక గీత పెట్టండి. ఒకే ప్రశ్నకు రోజుకు పది గీతలు దాటితే, లోపం బోర్డుది. అక్కడ ఆ జవాబు లేదు, లేదా ఎవరికీ కనబడని చోట ఉంది.

పంపిన వారిలో రోజుకు ఇద్దరికి సాయంత్రం ఫోన్ చేసి “చెప్పిన సమయానికి చేరారా అండీ?” అని మాత్రం అడగండి. బాగుందా అని అడిగితే మర్యాదకు బాగుందంటారు. సమయం గురించి అడిగితే నిజం చెబుతారు. మీరు గంట అన్నది గంటన్నర పట్టిందంటే పటంలో నిమిషాలు దిద్దండి.

డ్రైవర్లను అడగండి. కౌంటర్ దగ్గర మర్యాదగా ఉన్నవారు బండిలో కూర్చున్నాక మీ గురించి అసలు మాట మాట్లాడతారు, అది డ్రైవర్ వింటాడు.

నెలకోసారి, కిందినున్న మీ చుట్టాల్లో ఎవరినైనా మీ తోటి ఉద్యోగికి చెప్పకుండా కౌంటర్‌కు పంపండి, కావాలనే సాదా బట్టల్లో, బస్సు దిగి వచ్చినట్టు. ఎంతసేపు నిలబెట్టారో, ఎదురు ప్రశ్నలు అడిగారో లేదో, చీటీ ఇచ్చారో లేదో అడిగి తెలుసుకోండి. తప్పు దొరికితే అందరిముందూ అనకండి, టీ దగ్గర చెప్పండి.

సాయంత్రం కౌంటర్ మూసేటప్పుడు నల్లబల్ల తడిగుడ్డతో శుభ్రంగా తుడిచేయండి. రేపటి మంచు సంగతి రేపు పొద్దున్న కండక్టర్ చెబుతాడు.